డిగ్రీలో ఫిజిక్స్ చదవడం ఎలా: క్లాసు, లెక్కలు, ల్యాబు

ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్‌వి 40. బిట్టుకు నిమిషం, ఆపైన కొన్ని సెకన్లు. రెండేళ్లు ఆ వేగానికి అలవాటుపడ్డ చెయ్యి బీఎస్సీ మొదటి సెమిస్టరులోనే తడబడుతుంది. ఇంటర్‌లో జవాబు నాలుగు ఆప్షన్లలో ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది, దాన్ని గుర్తుపడితే చాలు. డిగ్రీలో ఆ సౌకర్యం పోతుంది. రాసిన సమీకరణం తప్పో ఒప్పో, ల్యాబులో వచ్చిన అంకెను నమ్మవచ్చో లేదో ఎవరికి వారే తేల్చుకోవాలి. అలా తేల్చుకోవడం నేర్చుకుంటే మూడేళ్లు సాఫీగా గడుస్తాయి, లేకపోతే ఇంపార్టెంట్ క్వశ్చన్ల జిరాక్సుల మీద గడుస్తాయి. ఉస్మానియా పరిధిలోని కాలేజీల్లో చేరేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాం. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో చేరినవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

సీటు ఎంచుకునే ముందు

డిగ్రీ సీట్లు దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా, సెంట్రల్ యూనివర్సిటీ సీటు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు గణితం ఉన్న కాంబినేషనే పెట్టుకోండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీట్లు చాలావాటికి డిగ్రీలో గణితం చదివి ఉండాలన్న నిబంధన ఉంటుంది. నిబంధన లేనిచోట కూడా గణితం లేకుండా ఫిజిక్స్ చదవడం గోడకు తల బాదుకోవడమే. మూడో సబ్జెక్టు కెమిస్ట్రీనా, కంప్యూటర్సా, ఎలక్ట్రానిక్సా అన్నది మీ ఇష్టం.

కాలేజీ భవనం చూసి మోసపోకండి. వెళ్లి ఫిజిక్స్ ల్యాబు ఒక్కసారి చూపించమని అడగండి. పనిచేసే స్పెక్ట్రోమీటర్లు ఎన్ని, ఒక్కోదాని దగ్గర ఎంతమంది నిలబడతారు, కాంతి ప్రయోగాలకు డార్క్ రూము ఉందా, ప్రాక్టికల్ క్లాసు వారంవారం నిజంగా జరుగుతుందా అన్నవి చూడాలి. ఒక పరికరం చుట్టూ ఆరుగురు ఉంటే చేసేది ఒకరు, రాసుకునేది ఐదుగురు.

మొదటి ఆరు వారాలు గణితానికే

ఇటీవలి ఉస్మానియా సిలబస్‌లో మొదటి సెమిస్టరు యాంత్రిక శాస్త్రం, రెండోది ఉష్ణం, మూడోది విద్యుదయస్కాంతం, నాలుగోది తరంగాలు, కాంతి. చిక్కేమిటంటే ఫిజిక్స్ సారుకు కావలసిన గణితం గణితం సారు ఇంకా చెప్పి ఉండరు. ఆ ఖాళీని మీరే పూడ్చుకోవాలి. రోజుకు ముప్పావు గంట చొప్పున ఆరు వారాలు చాలు.

మొదట టేలర్ శ్రేణి. ఫిజిక్స్‌లో "చిన్న కోణానికి", "తక్కువ వేగానికి" అని ఎక్కడ కనిపించినా దాని వెనక ఉన్నది ఇదే. నమ్మకం కుదరాలంటే అంకెలు వేసి చూడండి. 10 డిగ్రీలు అంటే 0.1745 రేడియన్లు, దాని సైన్ 0.1736. తేడా అర శాతం. అదే 30 డిగ్రీల దగ్గర 0.5236కి 0.5, తేడా దాదాపు 5 శాతం. లోలకాన్ని ఐదు డిగ్రీలు దాటి లాగవద్దని ల్యాబులో ఎందుకంటారో ఇక్కడే తెలిసిపోతుంది. డోలన కాలంలో వచ్చే దోషం రేడియన్లలో కోణం వర్గంలో పదహారో వంతు: 5 డిగ్రీలకు 0.05 శాతం, 20 డిగ్రీలకు 0.76 శాతం, 30 డిగ్రీలకు 1.7 శాతం.

తర్వాత స్థిర గుణకాలున్న రెండో తరగతి అవకలన సమీకరణం. దీని మీద పది రోజులు పెట్టినా దండగ కాదు. మొదటి సెమిస్టరులో అవరుద్ధ డోలనాలుగా (ఘర్షణతో క్రమంగా తగ్గే ఊపులుగా) వచ్చిన సమీకరణమే మూడో సెమిస్టరులో ఎల్‌సీఆర్ (తీగచుట్ట, కెపాసిటర్, నిరోధం కలిపిన) వలయంగా వస్తుంది. ద్రవ్యరాశి స్థానంలో ఇండక్టెన్స్, ఘర్షణ స్థానంలో నిరోధం, స్ప్రింగు స్థిరాంకం స్థానంలో కెపాసిటెన్స్ విలోమం పెట్టుకుంటే సరి. సంకీర్ణ సంఖ్యల ఘాతాంక రూపం కూడా ఇక్కడే అలవాటు చేసుకోండి. సైన్లు, కొసైన్లతో రెండు పేజీలు పట్టే పని దానితో ఆరు లైన్లలో తేలిపోతుంది.

పాక్షిక అవకలనాలు రెండో సెమిస్టరుకు కావాలి. ఉష్ణగతికంలో మార్కులు పోయేది ఎక్కువగా ఒక్క కారణంతోనే: ఏ రాశిని స్థిరంగా ఉంచి అవకలనం చేస్తున్నారో రాయకపోవడం. స్థిర పీడనం దగ్గర వచ్చేది వేరు, స్థిర ఘనపరిమాణం దగ్గర వచ్చేది వేరు. ఆదర్శ వాయువు విశిష్టోష్ణాల తేడా మోలుకు, కెల్విన్‌కు 8.314 జౌళ్లు రావడమే అందుకు సాక్ష్యం. బ్రాకెట్ కింద చిన్న అక్షరం పెట్టడానికి బద్ధకించొద్దు. వెక్టర్ కలనం మాత్రం మొదటి ఏడాది వేసవి సెలవుల్లో పూర్తి కావాలి. మూడో సెమిస్టరు మొదలయ్యాక చూద్దాంలే అనుకుంటే గాస్ సిద్ధాంతం, స్టోక్స్ సిద్ధాంతం, మ్యాక్స్‌వెల్ సమీకరణాలు అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి.

డెరివేషన్ బట్టీ పట్టకుండా

పుస్తకం తెరిచి డెరివేషన్‌ను ఒకసారి పెన్నుతో పాటు చదవండి. మూసేసి తెల్ల కాగితం మీద మొదటినుంచి రాయండి. ఆగిపోయిన లైను దగ్గర గుర్తు పెట్టి, ఆ ఒక్క లైను కోసమే పుస్తకం తెరవండి. మర్నాడు మళ్లీ ఖాళీ కాగితం మీద. రెండో రోజు కూడా అదే లైను దగ్గర ఆగితే సమస్య జ్ఞాపకశక్తిది కాదు, ఆ లైను వెనకున్న భౌతిక విషయం అర్థం కాలేదు. సారును అడగాల్సింది ఆ లైను గురించే. "మొత్తం అర్థం కాలేదు సార్" అంటే ఆయన మొత్తం మళ్లీ బోర్డు మీద రాస్తారు, మీరు మళ్లీ అక్కడే ఆగుతారు.

రాసింది ఒప్పో కాదో తేల్చుకోవడానికి మితులు, హద్దులు, అంకెలు అనే మూడు పరీక్షలున్నాయి. ఇంటర్‌లో చూసిన కప్పీ లెక్కే తీసుకుందాం, ఈసారి కప్పీకి బరువుంది. త్వరణం సూత్రంలో పైన రెండు ద్రవ్యరాశుల తేడా ఇంటూ జీ (గురుత్వ త్వరణం). కింద రెండింటి మొత్తానికి కప్పీ జడత్వ భ్రామకాన్ని వ్యాసార్ధ వర్గంతో భాగించగా వచ్చింది కలుస్తుంది. మితులు చూడండి: భాగించగా వచ్చేది ద్రవ్యరాశే, కాబట్టి కలపవచ్చు. హద్దులు చూడండి: కప్పీ బరువును సున్నా చేస్తే ఇంటర్ సూత్రం తిరిగి రావాలి, రెండు ద్రవ్యరాశులూ సమానమైతే త్వరణం సున్నా కావాలి, కప్పీ మహా బరువైతే అసలు కదలకూడదు. ఇక అంకెలు: 3 కిలోలు, 2 కిలోలు, కప్పీ 2 కిలోల బిళ్ల అనుకుంటే త్వరణం సెకను వర్గానికి 1.63 మీటర్లు. కప్పీని వదిలేస్తే 1.96. తేడా చిన్నదేమీ కాదు.

ఈ లెక్కలో సగం మంది చేసే తప్పు ఒకటుంది. తాడు ఒకటే కదా అని రెండు వైపులా తన్యత ఒకటే అని రాసేస్తారు. రెండు వైపులా ఒకటే అయితే కప్పీ మీద టార్క్ సున్నా, మరి అది వేగం పుంజుకుంటూ ఎలా తిరుగుతుంది? ఈ ప్రశ్న మీకు మీరే వేసుకున్న రోజు ఆ యూనిట్ వచ్చేసినట్టే.

రోజుకు ఒక డెరివేషన్, రెండు లెక్కలు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే రెండు వారాలకు ఆగిపోతుంది. లెక్కకు ఇరవై నిమిషాలు కుస్తీ పట్టకుండా సొల్యూషన్ వీడియో తెరవకండి.

పుస్తకాలు

తెలుగు మాధ్యమంలో వచ్చినవాళ్లు హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీ పుస్తకంతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం అనే మాటలతో విషయం ముందు తెలుగులో పట్టుబడితే ఇంగ్లిష్ పుస్తకం సగం భయపెట్టదు. అయితే రెండో సెమిస్టరు దాటాక ఇంగ్లిష్ పుస్తకం పక్కన పెట్టుకోక తప్పదు, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల సన్నాహమంతా దాదాపు ఆ భాషలోనే. యాంత్రిక శాస్త్రానికి క్లెప్నర్, కోలెంకో, విద్యుదయస్కాంతానికి గ్రిఫిత్స్. ఈ రెండూ లెక్కల కోసమే కొనదగ్గవి. కోఠీ సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఎడిషన్లు దొరుకుతుంటాయి. పాతదైనా పరవాలేదు, న్యూటన్ నియమాలేమీ మారలేదు. కొనేముందు లెక్కల పేజీలు చిరగకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. సెమిస్టరు గైడు పరీక్షకు ముందు వారం ప్రశ్నల తీరు చూడటానికి పనికొస్తుంది, చదువుకోవడానికి కాదు.

ల్యాబు: అసలు ఫిజిక్స్ ఇక్కడుంది

మన కాలేజీల్లో ల్యాబు చాలామందికి రికార్డు మీద సంతకం కోసమే. నిరుటి సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, పుస్తకంలోని జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు రాస్తారు. ఈ కాకిలెక్కల్లో ఒక తమాషా దాగుంది. జీ విలువ 9.81 రావాలని అందరూ 9.81 రాస్తారు. అది దాదాపు 45 డిగ్రీల అక్షాంశం దగ్గరి విలువ. హైదరాబాద్ 17.4 డిగ్రీల మీద, సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉంది. ఇక్కడ జీ 9.78. అంటే సరిగ్గా 9.81 వచ్చిందని రాసినవాళ్లంతా లేని విలువను చాలా కచ్చితంగా కొలిచినట్టు!

కడ్డీనే లోలకంలా ఊపి జీ కొలిచే బార్ పెండులంతో మొదలుపెడదాం. మీటరు పొడవున్న కడ్డీకి అతి తక్కువ డోలన కాలం సుమారు 1.5 సెకన్లు. 20 డోలనాలకు 30 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మనిషి చేతి దోషం ఐదో వంతు సెకను అనుకోండి: డోలన కాలంలో 0.66 శాతం. సూత్రంలో కాలం వర్గం ఉంది కాబట్టి జీలో దానికి రెట్టింపు, 1.3 శాతం. అంటే మీ జవాబులో 0.13 అటూ ఇటూ సహజం. 50 డోలనాలు లెక్కపెడితే అది 0.05కి దిగుతుంది. కాబట్టి 20 డోలనాలతో చేసినవాళ్లు 9.7134 అని నాలుగు దశాంశాలు రాయడం అర్థం లేని పని. 9.7, దోషం 0.1 అని రాయాలి. 9.6 వచ్చినా, 9.9 వచ్చినా అది మంచి ప్రయోగమే, దిద్దాల్సిందేమీ లేదు.

10.8 వచ్చిందా? అప్పుడు మాత్రం ఆగండి. మొదటిసారి దాటినప్పుడు "ఒకటి" అని లెక్క మొదలుపెట్టారు. అలా చేస్తే ఇరవై అనుకున్నవి నిజానికి పందొమ్మిదే. డోలన కాలం 5 శాతం తగ్గి, జీ 10.8 దగ్గర తేలుతుంది. "మూడు, రెండు, ఒకటి, సున్నా" అని వెనక్కి లెక్కపెడుతూ సున్నా దగ్గర వాచ్ నొక్కండి. నొక్కేది కూడా కడ్డీ మధ్య స్థానం దాటేటప్పుడు. చివరి స్థానం దగ్గర అది నెమ్మదిస్తుంది, ఎప్పుడు వెనక్కి తిరిగిందో కంటికి తెలియదు. గ్రాఫ్‌లో అడ్డగీత గీసేటప్పుడు వక్రం అట్టడుగున గీయకండి. అక్కడ చదునుగా ఉంటుంది, ఖండన బిందువులు సరిగా తేలవు. కాస్త పైన, వక్రం నిటారుగా ఉన్నచోట గీయండి.

స్పెక్ట్రోమీటర్ దగ్గర ఓపిక ఎక్కువ కావాలి. సోడియం దీపం వెలిగించి, అది పూర్తి పసుపుకు వచ్చేలోగా అమరికలు చేసుకోండి. మొదట ఐపీస్‌లో క్రాస్ వైర్లు స్పష్టంగా కనపడేలా సర్దాలి. తర్వాత టెలిస్కోప్‌ను కిటికీ వైపు తిప్పి, దూరపు మేడ మీది నీళ్ల ట్యాంకో సెల్ టవరో చూసి ఫోకస్ చేయాలి. ఇక ఆ ఫోకస్ ముట్టుకోకూడదు. స్లిట్ (కాంతి లోపలికి వచ్చే సన్నని చీలిక) మసకగా కనిపిస్తే కొలిమేటర్‌నే (కిరణాలను సమాంతరం చేసే గొట్టాన్నే) సర్దాలి. ఇక్కడ తొందరపడి టెలిస్కోప్ ఫోకస్ తిప్పేవాళ్లే ఎక్కువ, తర్వాత అరగంట ఎందుకు కుదరడం లేదో తెలియదు. చివరగా స్లిట్‌ను వీలైనంత సన్నం చేయండి.

గ్రేటింగ్‌ను (దగ్గరదగ్గరగా సన్నని గీతలున్న పలకను) కాంతికి లంబంగా నిలబెట్టాలంటే: టెలిస్కోప్‌ను నేరు కిరణం నుంచి సరిగ్గా 90 డిగ్రీలు తిప్పి బిగించండి. గ్రేటింగ్ పెట్టి, దాని మీద పరావర్తనం చెందిన స్లిట్ ప్రతిబింబం క్రాస్ వైర్ మీదికి వచ్చేదాకా బల్లను తిప్పండి. అక్కడ నుంచి బల్లను 45 డిగ్రీలు తిప్పితే కాంతి లంబంగా పడుతుంది. ఇంచుకు 15,000 గీతలున్న గ్రేటింగ్ అయితే సోడియం పసుపు మొదటి క్రమంలో 20 డిగ్రీల 22 నిమిషాల దగ్గర, రెండో క్రమంలో 44 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎడమ వైపు కోణం, కుడి వైపు కోణం అర డిగ్రీ తేడా వస్తే లంబంగా కుదరలేదని అర్థం, మళ్లీ అమర్చండి. ఒక వైపు గీతలు పైకి, మరో వైపు కిందికి జరిగితే గ్రేటింగ్ గీతలు స్లిట్‌కు సమాంతరంగా లేవు, బల్ల కింది మరలు సర్దాలి.

మెయిన్ స్కేల్ అర డిగ్రీ, వెర్నియర్ 30 విభాగాలు, లీస్ట్ కౌంట్ ఒక నిమిషం. రెండు వెర్నియర్లూ చదవాలి. బల్ల కేంద్రం, స్కేలు కేంద్రం సరిగ్గా ఒకచోట ఉండవు, 180 డిగ్రీల ఎడంలో తీసిన రెండు తేడాల సగటులో ఆ దోషం కొట్టుకుపోతుంది. స్కేలు 360 దాటేచోట జాగ్రత్త. ఒక వైపు 350 డిగ్రీల 10 నిమిషాలు, మరో వైపు 30 డిగ్రీల 54 నిమిషాలు వస్తే తేడా 319 కాదు, 40 డిగ్రీల 44 నిమిషాలు. దాన్ని రెండుతో భాగించాలి. భాగించడం మరిచిపోతే తరంగదైర్ఘ్యం 1105 నానోమీటర్లు వస్తుంది. అది పరారుణం, కంటికే కనపడదు. పసుపుగా చూసిన గీతకు పరారుణ విలువ రాసిన రికార్డులకు కూడా సంతకాలు పడుతుంటాయి!

వీలైతే రెండో క్రమం కూడా చూడండి. సోడియం పసుపులో 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలున్నాయి. మొదటి క్రమంలో వాటి ఎడం ఒక నిమిషం పైచిలుకు, రెండో క్రమంలో మూడు నిమిషాలు దాటుతుంది. స్లిట్ సన్నగా ఉంటే రెండూ విడిగా కనపడతాయి. సిలబస్‌లో అడగకపోయినా చూడదగ్గ దృశ్యం అది.

న్యూటన్ వలయాల్లో మైక్రోస్కోప్‌ను ఒకే దిశలో నడపండి. ఒక వైపు ఇరవయ్యో వలయం నుంచి మొదలై మధ్యగా అటు ఇరవయ్యో వలయం దాకా వెళ్లాలి. మధ్యలో వెనక్కి తిప్పితే మర వదులు రీడింగులో కలుస్తుంది. మధ్యలో నల్లచుక్కకు బదులు వెలుగు కనిపిస్తే గాజు మీద దుమ్ముంది. తుడిచి మళ్లీ పెట్టండి, లేదా వ్యాసాల వర్గానికి గ్రాఫ్ గీసి వాలు తీసుకోండి. మధ్య ఎలా ఉన్నా వాలు మారదు.

ఎల్‌సీఆర్‌లో 10 మిల్లీహెన్రీలు, 0.1 మైక్రోఫారడ్, 100 ఓములు పెడితే అనునాదం 5,033 హెర్ట్జ్ దగ్గర, క్యూ విలువ (అనునాదం ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) 3.16 రావాలి. పౌనఃపున్యం సరిగ్గానే వస్తుంది, క్యూ మాత్రం సగానికి పడిపోతుంది. పరికరం పాడైపోలేదు. తీగచుట్టకు సొంత నిరోధం, సిగ్నల్ జనరేటర్‌కు అంతర్నిరోధం ఉంటాయి, అవి లెక్కలో కలపలేదంతే. మల్టీమీటరుతో చుట్ట నిరోధం కొలిచి, జనరేటర్ మీద రాసి ఉన్నది కలిపి మళ్లీ లెక్కకట్టండి. వైవాలో ఈ ఒక్క మాట చెప్పినవాళ్లను ఎగ్జామినర్ వేరే చూపు చూస్తారు.

పరిశీలనలు పెన్నుతోనే రాయండి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేయండి, కింద అంకె కనపడాలి. తర్వాత అదే సరైనదని తేలడం మామూలే.

కంప్యూటరు ముందు

పైథాన్ ఫోన్‌లోనైనా నడుస్తుంది, ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు. మొదటి ప్రోగ్రాముగా మీటరు పొడవున్న లోలకాన్ని 0.01 సెకను అడుగులతో నడిపించండి. ఆయిలర్ పద్ధతిలో (పాత వేగంతోనే స్థానాన్ని మార్చుతూ) రాస్తే పది సెకన్లలో లోలకం శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది! ప్రతి అడుగులో కొంచెం శక్తి ఎక్కువ కలుస్తుండటమే కారణం. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో స్థానం మార్చేలా రెండు లైన్ల క్రమం మారిస్తే శక్తి అదుపులో ఉంటుంది. తర్వాత 30 డిగ్రీల నుంచి వదిలి, పైన చెప్పిన 1.7 శాతం తేడా వస్తుందో లేదో మీరే కొలవండి. కంప్యూటర్ జవాబును కూడా శక్తి నిత్యత్వంతో సరిచూడందే నమ్మొద్దు.

పరీక్షలు, తర్వాతి దారి

సెమిస్టరు పరీక్షలో పెద్ద ప్రశ్నకు మొదట బొమ్మ, తర్వాత ఊహలు, ఆపై మెట్లు, చివర ఒక హద్దు పరీక్ష రాయండి. మధ్య మెట్టులో గుర్తు తప్పినా బొమ్మకు, మొదలుపెట్టిన తీరుకు మార్కులు పడతాయి. ఐదో సెమిస్టరులో ఆధునిక భౌతికం, ఆరులో ఎలక్ట్రానిక్స్ ఉంటే వాటిని ప్రవేశ పరీక్షలతో కలిపి చదువుకోండి.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పీజీ సీట్లకు జామ్ అనే ప్రవేశ పరీక్ష. ఫిబ్రవరిలో జరుగుతుంది. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. 30 ప్రశ్నలకు ఒక్కటే సరైన ఆప్షన్, 10 ప్రశ్నలకు ఒకటికి మించి సరైనవి ఉండవచ్చు, 20 ప్రశ్నలకు అంకె టైపు చేయాలి. మైనస్ మార్కులు మొదటి భాగంలోనే, కాబట్టి అంకెల ప్రశ్నలు ఒక్కటీ ఖాళీగా వదలకండి. ఉస్మానియాతో సహా రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ (ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష), సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, గోపన్‌పల్లిలోని టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) హైదరాబాద్‌కు టీఐఎఫ్‌ఆర్ సొంత పరీక్ష ఉన్నాయి. సన్నాహం నాలుగో సెమిస్టరు వేసవిలో మొదలు కావాలి. ముందు జామ్ సిలబస్, మీ సిలబస్ పక్కపక్కన పెట్టి లేనివి గీత గీసుకోండి. మ్యాథమెటికల్ మెథడ్స్, సాలిడ్ స్టేట్ సాధారణంగా అక్కడ తేలేవి. తర్వాత పాత ప్రశ్నపత్రాలు, అవి జామ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మొదటి పత్రాన్ని గడియారం లేకుండా, ఎన్ని రోజులు పట్టినా సరే పూర్తిగా చేయండి. గడియారం పెట్టుకోవడం మూడో పత్రం నుంచి.

వేసవిలో పరిశోధనశాలలో పనిచేయాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే ఫెలోషిప్ ఉంది. దరఖాస్తులు సాధారణంగా నవంబరులో ముగుస్తాయి, అప్పటికే ఒక అధ్యాపకుడి సిఫార్సు ఉత్తరం చేతిలో ఉండాలి. ఉత్తరం అడిగేటప్పుడు సారుకు మీ మార్కుల మెమో ఒక్కటే ఇవ్వకండి. మీరు సొంతంగా చేసిన ఒక ల్యాబు రిపోర్టు, దోషాల లెక్కతో సహా ఇవ్వండి. ఉత్తరంలో ఏం రాయాలో ఆయనకు అందులో దొరుకుతుంది. రెండు వారాల ముందే అడగండి, చివరి రోజు స్టాఫ్ రూము బయట క్యూ ఉంటుంది.